సున్నా కోళ్ల దిబ్బ

గాస్టన్ ఉరూటీ టోపీ ఎగిరిపోయిన రోజు టాలో అనే మా ఊళ్లో అందరికీ గుర్తే. ఆ రోజు వీచిన గాలికి పోస్టాఫీసు డబ్బా మూత తెరుచుకుని, లోపలున్న ఉత్తరాలు ఎక్కడికి పోవాలో అక్కడికి వాటంతట అవే పోయాయి. టోపీకి అంత తెలివి లేదు. తూర్పుగా పోయి, ప్రపంచమంతా చుట్టి, మరుసటేడు ఏప్రిల్లో పడమటి నుంచి వచ్చి గాస్టన్ నెత్తికి జానెడు ఎత్తున దాటిపోయింది. ఆయన చెయ్యెత్తాడు గానీ అందలేదు. అప్పట్నుంచి ఏటా అంతే. ఇరవై ఏళ్లపాటు ఏప్రిల్ వస్తే చాలు, ఆయన వట్టి నెత్తితో ఊట దగ్గర నిలబడి చెయ్యెత్తుకుని ఎదురు చూసేవాడు.

"కొత్త టోపీ కొనుక్కోవచ్చుగా!" అనేది ఆయన భార్య డెల్ఫీన్.

"ఉన్నది దారిలో ఉండగా కొత్తది దేనికే?" అనేవాడు.

గాస్టన్ పోయి పదకొండు చలికాలాలైంది. టోపీ మాత్రం ఏటా వచ్చి పోతూనే ఉంది. అది దాటేటప్పుడు డెల్ఫీన్ కాఫీ గిన్నె దింపి, ఓసారి తల ఊపేది, తెలిసినవాళ్లు దారిన పోతుంటే పలకరించినట్టు.

ఆమె ఇల్లు ఊరికి నలభై మైళ్ల దూరం. చుట్టూ కనుచూపు మేర సేజ్ పొదలే. ఆరొందల గొర్రెలు, బెల్చా అనే నల్ల కుక్క, ఒక పికప్, రాతి పగుల్లోంచి కారి రేకు తొట్టిలో పడే ఒక ఊట, ఇదీ ఆమె సంసారం. నేలంతా సర్కారుది. ఉరూటీలు మూడు తరాలుగా అనుమతి తీసుకుని మేపుకుంటున్నారు. ఆ ఊట ఎండిపోతే మేత ఉన్నా లేనట్టే, ఆరొందల గొర్రెల్నీ అమ్ముకుని ఊళ్లో అద్దెకి చేరాల్సిందే.

ఊటకి పైన, పొదలు లేని బోడి దిబ్బ ఒకటుంది. అది ఆ పొదల్లో బతికే సేజ్ కోళ్లనే అడవి కోళ్ల ఆట దిబ్బ. చలి తగ్గుముఖం పట్టగానే పుంజులన్నీ తెల్లవారుజామున అక్కడికి చేరి, తోక విసనకర్రలా విప్పి, రొమ్ము మీది పసుపు తిత్తులు ఊది ఊది, పెట్టల ముందు గొప్పలు పోతాయి. ఆ చప్పుడు సన్నమూతి కూజాలోంచి నీళ్లు వంపినట్టు ఉంటుంది. బుడుంగ్, బుడుంగ్. తాతల నాటి నుంచీ అవి అక్కడే ఆడతాయి. ఆ చోటు తప్ప ఇంకోటి వాటికి తెలీదు.

గాస్టన్ బతికున్నప్పుడు వాటిని లెక్కపెట్టేవాడు. భూముల ఆఫీసువాళ్లు ఆ పని ఇష్టమున్న పల్లెవాళ్లకి ఇస్తారు. వసంతంలో మూడుసార్లు, సూర్యుడు రాకముందే వెళ్లి, బండి తలుపు తెరవకుండా, గాలి లేని పూట చూసుకుని లెక్కపెట్టి, కాయితం నింపి పంపాలి. పుంజుల్నే లెక్కపెట్టాలి, పెట్టల్ని కాదు. ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోకపోవడం ఆఫీసుల పాత జబ్బు అని డెల్ఫీన్ దెప్పేది. ఆయన పోయాక కూడా ఆమె ప్రతి వసంతం బండిలో కూర్చుని, కాఫీ తాగుతూ పుంజుల్ని చూసేది. కాయితం మాత్రం నింపలేదు. చూస్తూనే ఉన్నాగా, అది చాలదా అనుకుంది.

ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో ఉప్పు దిమ్మల కోసం ఊళ్లోకి వచ్చింది. మేత కొట్టు విక్ టాలివర్ ఆమెని చూడగానే గల్లా మీద చెయ్యి చరిచాడు.

"ఏమ్మా డెల్ఫీన్, నిన్ను వేలం వేస్తున్నారటగా!"

"ఈ వయసులో నన్నెవడు పాడుకుంటాడు విక్కూ?"

"నిన్ను కాదులే, నీ ఊటని. కాయితాల్లో నలభై ఒకటో నేల ముక్క. చమురు, గ్యాసు తవ్వుకోడానికి కౌలుకిస్తారట." ఇటుకంత లావున్న కాయితాల కట్ట ఆమె ముందు పడేశాడు. "ఇదుగో, పర్యావరణ పరిశీలన. మూడొందల పేజీలు. పొద్దున్నే తెచ్చి ఇక్కడ పెట్టి పోయారు. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే ముప్ఫై రోజుల్లో చెప్పాలి. లేదంటే జూన్‌లో పాట."

"మూడొందల పేజీలు రాసినవాడు నా గుమ్మం ఒక్కసారన్నా తొక్కాడా?"

"తొక్కడం దేనికమ్మా? కుర్చీ బావుంటే ఎంత దూరమన్నా పరిశీలించొచ్చు."

డెల్ఫీన్ కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పింది. నలభై ఒకటో ముక్కకి ఒక పట్టిక ఉంది. ఆట దిబ్బ: పదేళ్లుగా పుంజులు సున్నా, కనక చచ్చిన దిబ్బ, కట్టుబాట్లు అక్కర్లేదు. ఊట: వాడేవారు లేరు. ఐదు మైళ్లలో మనుషులు: సున్నా.

"పుంజులు ఆడుతూ ఉంటే దిబ్బకి రెండు మైళ్ల లోపల తవ్వనివ్వరు కదా?" అంది.

"తవ్వనివ్వరు. ఊట కూడా అందులోకే వస్తుంది. కానీ ఇక్కడ సున్నా అంటున్నారుగా."

"సున్నా ఎందుకైంది? గాస్టన్ పోయాక కాయితం ఎవరూ పంపలేదు. గడి ఖాళీగా ఉండుంటుంది."

"ఖాళీ గడిని యంత్రం ఒప్పుకోదమ్మా. ఎవరో పిల్లది పదేళ్ల ఖాళీల్లోనూ సున్నాలు పెట్టి ఇంటికెళ్లి ఉంటుంది. పదేళ్లు సున్నా అయితే దిబ్బ చచ్చినట్టు. అది వాళ్ల రూలు."

"మరి మనుషులు సున్నా అంటే నేనేనా?"

"నువ్వు చిక్కిపోయావని చెప్తూనే ఉన్నా."

డెల్ఫీన్ పకపకా నవ్వింది. "కాయితంలో లేనంత మాత్రాన మనిషి లేకుండా పోతాడటయ్యా!"

విక్ నవ్వలేదు. ఉప్పు దిమ్మ ఎత్తబోయి ఆగాడు. "పోయినేడు ఎనిమిదో ముక్కకీ ఇలాంటి కట్టే వచ్చింది. అక్కడ గొర్రెలు కాసుకుంటూ బండిలోనే కాపురముండే ముసలాయన ఒకడు ఉండేవాడు కదా. శనివారం శనివారం వచ్చి నా దగ్గర బఠానీల డబ్బాలు కొనేవాడు. పేరేంటి?"

"ఎవరబ్బా?" డెల్ఫీన్ ఆలోచించింది. గడ్డం, పగిలిన బూటు, నవ్వితే బంగారు పన్ను, అన్నీ గుర్తొచ్చాయి. పేరు దగ్గరికి వచ్చేసరికి నోట్లో పొడి గాలి తప్ప ఏమీ లేదు. "గుర్తు రావట్లేదు విక్కూ."

"నాక్కూడా." విక్ మెడ తడుముకున్నాడు. "ఇల్లు మారుంటాడులే."

మూడో రోజు రాత్రికి మంచు పడింది. మా దగ్గర ఏప్రిల్ మంచు వింతేమీ కాదు, జూలైలో పడ్డా ఎవరూ తల తిప్పరు. తెల్లవారుజామున డెల్ఫీన్ ఈసారి కాయితం, పెన్సిలు పట్టుకుని దిబ్బ దగ్గరికి బండి తోలింది. దీపాలార్పి, అద్దం రెండు వేళ్లు దించి కూర్చుంది.

బుడుంగ్. బుడుంగ్, బుడుంగ్.

"వచ్చార్రా నా రాజాలు!" అని పెన్సిలు తీసింది. వెలుగు వచ్చింది. దిబ్బ మీద దుప్పటి పరిచినట్టు మంచు ఉంది. ఒక్క పుంజూ లేదు. చప్పుడు మాత్రం ముప్ఫై చోట్ల నుంచి వస్తోంది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు పోట్లాడుకుంటున్న రెక్కల టపటప. డెల్ఫీన్ కళ్లు నులుముకుంది, కళ్లద్దాలు తుడిచింది. రూలు తప్పి బండి దిగి దిబ్బ ఎక్కింది. ఆమె నడుస్తుంటే చుట్టూ చప్పుడు తప్పుకుని దారిచ్చింది. మంచులో ఒక్క కాలి గుర్తు లేదు, రెట్ట లేదు, ఈక లేదు.

వెనక్కి తిరిగి చూస్తే, వెంట వచ్చిన బెల్చా పంజా గుర్తులు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఆమె బూట్ల గుర్తులు ఉండాలి. అవీ లేవు.

అక్కడే నిలబడి కాలు గట్టిగా తాటించింది. మంచు చెదరలేదు. అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. గాలి ఈడ్చి కొడుతోంది, పొదలు నేలకి వంగుతున్నాయి, కుక్క చెవులు వెనక్కి వాలిపోయాయి. ఆమె నుదుటి మీది ఒక్క వెంట్రుక కదల్లేదు. యాభై ఎనిమిదేళ్లుగా నిద్రలో కూడా వదలని గాలి, ఆమె నిలబడ్డ చోటుని ఖాళీగా ఉన్నట్టు దాటిపోతోంది.

ఇంటికొచ్చి భూముల ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక పిల్ల ఎత్తింది. "హలో? హలో? ఎవరండీ?"

"డెల్ఫీన్ ఉరూటీని తల్లీ. నలభై ఒకటో ముక్క నుంచి."

"హలో? ...మళ్లీ అదే వట్టి గాలి," అని ఎవరితోనో అని పెట్టేసింది.

ఉత్తరం రాసింది. పెన్ను నడిచినంత మేరా సిరా కనబడింది, మడత పెట్టేసరికి కాయితం తెల్లగా ఉంది. ఊళ్లోకి వెళ్లింది. ఆమె పికప్ నడిపేవాళ్లు లేకుండా రోడ్డు మీద వెళ్తుంటే చూసిన ఇద్దరు ఆ రోజుతో తాగుడు మానేశారు, వాళ్ల పెళ్లాలు ఇప్పటికీ డెల్ఫీన్‌కి దణ్ణం పెడతారు. మేత కొట్లో విక్ ఎదురుగా నిలబడి, "విక్కూ, నేనయ్యా!" అని బల్ల గుద్దింది. విక్ తల ఎత్తి తలుపు వంక చూసి, "ఈ గొళ్లెం మార్చాలి," అని మళ్లీ పేపర్లో తల దూర్చాడు. కాస్సేపటికి ఎవరో అడిగారు, "నలభై ఒకటో ముక్కలో ఒకావిడ ఉండాలే, ఎలా ఉంది?" విక్ నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు. "ఎవరబ్బా?" అన్నాడు చివరికి.

ఆ మాట విన్నప్పుడు డెల్ఫీన్‌కి మొదటిసారి భయమేసింది.

అది గొర్రెలు ఈనే కాలం. తల్లి లేని పిల్లలు సీసా పాలు తాగుతున్నాయి, కానీ సీసా వంకే చూస్తున్నాయి, పట్టుకున్న చేతి వంక కాదు. బెల్చా రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని రోడ్డు వంక చూస్తోంది. డెల్ఫీన్ దాని పక్కనే కూర్చుని, "ఇక్కడే ఉన్నానే పిచ్చిదానా," అంటోంది. కుక్క చెవి మాత్రం ఒకసారి ఆడించేది, అంతే. పొద్దున పొద్దున్నే దిబ్బ మీద చప్పుడు కూడా పలచబడుతోంది. ముప్ఫై చోట్ల నుంచి వచ్చేది ఇరవైకి దిగింది. గోడ మీది క్యాలెండరులో ముప్ఫై రోజుల్లో ఇరవై ఆరు అయిపోయాయి.

ఆ రోజే ఆమెకి ఒకటి తట్టింది. తను రాసింది నిలవకపోతేనేం, తను ఉన్నట్టు కాయితం ఒప్పుకున్న రోజుల్లో గాస్టన్ రాసింది ఉంది కదా!

గాస్టన్ సొరుగు లాగింది. పదకొండేళ్లుగా తెరవలేదు. జేబుకత్తి, గొర్రెల చెవి బిళ్లలు, వాటి కింద నీలం కార్బను కాపీ. ఆయన ఆఖరి ఏప్రిల్‌ది. గొర్రె కాళ్లలా వంకర్లు పోయే ఆయన రాత. పుంజులు ముప్ఫై నాలుగు, కింద సంతకం. సిరా చెక్కు చెదరలేదు. కళ్లద్దాలు చెమర్చాయో ఏమో, మిగతాది చదవకుండానే జేబులో పెట్టుకుంది.

భూముల ఆఫీసులో కోళ్ల లెక్కలు చూసేవాడు హాలిస్ ఓక్డెన్ అని ముప్ఫై ఏళ్ల కుర్రాడు. ఒక్కడే, రెండొందల పన్నెండు దిబ్బలు చూడాలి. బల్ల మీద కట్టల మధ్య అతని తల మాత్రం కనిపిస్తోంది. డెల్ఫీన్ కార్బను కాపీ అతని చేతి కింద పెట్టింది.

హాలిస్ ఉలిక్కిపడ్డాడు. "ఇదెక్కణ్ణించి వచ్చింది? లోరా, నువ్వు పెట్టావా?"

"నేనేం పెట్టలేదు. తలుపు గాలికి తెరుచుకుంది, చూడు," అంది పక్క గదిలో పిల్ల.

అతను చదివాడు. ఓసారి చదివి, ఇంకోసారి నెమ్మదిగా చదివాడు. తెర మీద పాత లెక్కలు తెరిచాడు. డెల్ఫీన్ అతని భుజం మీంచి చూస్తోంది. పది సున్నాలు ఒకదాని కింద ఒకటి, గుడ్లు పేర్చినట్టు. ప్రతి సున్నా పక్కన 'లెక్కించినవారు' అనే గడి ఖాళీ.

"లోరా, ఇది చూడు. పదేళ్లు ఎవరూ వెళ్లలేదు. వెళ్లకుండా సున్నా ఎలా వేశాం?"

"వెళ్లకపోతే ఎన్ని కనిపిస్తాయి? సున్నాయేగా!"

హాలిస్ మొహం పాలిపోయింది. మూడొందల పేజీల పరిశీలనలో ఆ పట్టిక రాసింది అతనే. "రేపు తెల్లారేసరికి నేనక్కడ ఉంటాను," అన్నాడు.

నాతో వస్తావురా అబ్బాయ్ అనుకుని, డెల్ఫీన్ ఆ రాత్రి ఆఫీసు బండిలోనే ముడుచుకుని పడుకుంది. తెల్లవారుజామున హాలిస్ వచ్చి తాళం తిప్పగానే బండి టింగ్ టింగ్ అని మోత మొదలుపెట్టింది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని గోల. మంచుకి తెలియని మనిషి ఆ సీటుకి తెలిసింది. పాత బండి, కొత్త కాయితాలు చదివుండదు.

హాలిస్ సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు, కింద చూశాడు. ఏమీ లేదు. టింగ్ టింగ్ ఆగలేదు. పదిహేను మైళ్లు ఓపిక పట్టి, చివరికి బండి ఆపి, ఖాళీ సీటుకి బెల్టు లాగి పెట్టాడు. మోత ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దం అతనికి అంతకన్నా నచ్చలేదు. మిగతా పాతిక మైళ్లూ పక్కకి తిరక్కుండా, మెడ పట్టేసినవాడిలా నడిపాడు.

దిబ్బ దగ్గర గాలి పడిపోయింది. నేలంతా తెల్లటి మంచు పొర పేరుకుంది. హాలిస్ అద్దం దించి, ఒళ్లో కాయితం పెట్టుకుని, చేతిలో లెక్క మర పట్టుకున్నాడు. నొక్కితే టిక్ మని అంకె మారే మర అది, కొట్లలో దొరుకుతుంది.

బుడుంగ్.

"ఉన్నాయి!" అన్నాడు గుసగుసగా. వెలుగొచ్చింది. దిబ్బ బోడిగా ఉంది. "ఎక్కడున్నార్రా? వినిపిస్తున్నారు, కనిపించరేం?"

బుడుంగ్. అలవాటు కొద్దీ బొటనవేలు మరని నొక్కింది. టిక్.

ఇరవై అడుగుల దూరంలో ఒక పుంజు నిలబడి ఉంది. ఎగిరి రాలేదు, నడిచి రాలేదు. తోక విప్పుకుని, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు హాలిస్ వంక కాస్త చిరాగ్గా చూసింది.

హాలిస్ మర వంక చూశాడు, పుంజు వంక చూశాడు. మళ్లీ చప్పుడైంది. అతను వేలు కదపలేదు. ఏమీ రాలేదు. వేలు నొక్కాడు. టిక్. రెండో పుంజు.

"నొక్కు బాబూ, నొక్కు!" అని డెల్ఫీన్ పక్కనుంచి అరుస్తోంది. "ఒక్కటి కూడా వదలకు!"

అతనికి వినపడలేదు. కానీ నీతి గలవాడు. వినిపించిన ప్రతిదానికీ ఒకసారే నొక్కాడు, వినపడకుండా ఒక్కసారీ నొక్కలేదు, కనబడ్డ ప్రతి పుంజుకీ కాయితం మీద ఒక గీత పెట్టాడు. టిక్, ఒక పుంజు. టిక్, ఇంకొకటి. కింద మంచు పొరలో గోళ్ల గీతలు పడుతున్నాయి, నిన్నటివి, మొన్నటివి, పదేళ్లవి అన్నీ ఒక్కసారి పైకి తేలుతున్నట్టు. పలచబడ్డ చప్పుడు ప్రతి టిక్కుకీ చిక్కబడింది. సూర్యుడు గట్టు మీదికి వచ్చేసరికి దిబ్బ నిండా పుంజులు, పెట్టలు, కొట్లాటలు. పెట్టలు ఎవరూ లెక్కపెట్టకుండానే వచ్చాయి. వాటికి ముందు నుంచీ ఆఫీసుల మీద ఆశ లేదు.

హాలిస్ కాయితం నింపాడు. లెక్కించినవారు: హాలిస్ ఓక్డెన్. దాని కింద 'వెంట ఉన్నవారు' అనే గడి. అక్కడ పెన్ను ఆగింది. మెల్లగా తల తిప్పి, బెల్టు పెట్టిన ఖాళీ సీటు వంక చూశాడు. బెల్టు సీటుకి అతుక్కుని లేదు. మనిషి ఒళ్లంత ముందుకి ఉబ్బి ఉంది.

"ఎవరన్నా... ఉంటే," అన్నాడు, "పేరు చెప్పండి. దయచేసి."

డెల్ఫీన్ చెప్పింది. అరిచింది. అతని చెవిలో నోరు పెట్టి మరీ అరిచింది. హాలిస్ ఎదురు చూస్తున్నాడు, పెన్ను కొసన సిరా బొట్టు కడుతోంది. ఎంత అరిచినా ఒక్క అక్షరం అతన్ని చేరడం లేదు. ఎనిమిదో ముక్క ముసలాయన ఇలాగే ఎవరి చెవిలోనో అరిచి ఉంటాడని ఆమెకి తట్టింది.

హాలిస్ నిట్టూర్చి, పాత కార్బను కాపీ ఎదురుగా పెట్టుకున్నాడు, పోల్చి చూసుకోడానికి. గాస్టన్ రాత మీద వేలు జరిపాడు. పుంజులు ముప్ఫై నాలుగు. లెక్కించినవారు, గాస్టన్ ఉరూటీ. వెంట ఉన్నవారు, అక్కడ వేలు ఆగింది. పైకి చదివాడు.

"నా భార్య డెల్ఫీన్. ఏటా వస్తుంది. కాఫీ బ్రహ్మాండం."

డెల్ఫీన్ ఆ గడి ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోరని ఇరవై ఏళ్లు ఆయన్ని దెప్పింది. ఆయన ఒక్క మాటా అనకుండా, ప్రతి కాయితంలో ఆమెని రాస్తూనే వచ్చాడు.

హాలిస్ కొత్త కాయితంలో రాశాడు: డెల్ఫీన్ ఉరూటీ.

బెల్టు ఆమె భుజాన్ని ఒరుసుకుంది. అద్దం సందులోంచి గాలి వచ్చి జుట్టు మొహం మీదికి కొట్టింది. డెల్ఫీన్ భోరుమంది. హాలిస్ కెవ్వుమన్నాడు. దిబ్బ మీద ఒక్క పుంజు కూడా తల తిప్పలేదు.

"ఎ... ఎప్పట్నుంచి కూర్చున్నారండీ?"

"నువ్వు బెల్టు పెట్టకముందు నుంచీ నాయనా. కాస్త మెల్లగా నడుపు, గుంటల్లో నడుం విరిగింది."

ఇంటికెళ్లి కాఫీ పెట్టింది. బెల్చా ఆమె కాళ్లకి అడ్డం పడి నడవనివ్వలేదు. హాలిస్ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, లెక్క మర బల్ల మీద పెట్టి, కనుబొమ్మలు ముడిచాడు.

"కాయితంలో నేను వేసిన గీతలు ముప్ఫై నాలుగు. మర ముప్ఫై అయిదు చూపిస్తోంది."

"వేలు జారిందేమో."

"లేదండీ, నొక్కాను. ఒక్కటి మాత్రం పుంజు కాదు. ఊట పక్క నుంచి ఏదో కదిలిన చప్పుడైతే నొక్కాను, చూస్తే ఆ గోడ మీది ఫొటోలో ఉన్న మీ ఆయన. వట్టి నెత్తితో, చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. నేను చెయ్యి ఊపాను. ఆయన పడమటి వైపే చూస్తున్నారు, నన్ను పట్టించుకోలేదు."

డెల్ఫీన్ చేతిలో కాఫీ కూజా ఆగిపోయింది. కిటికీలోంచి ఊట కనిపించదు, గట్టు అడ్డం.

"ఐదు మైళ్లలో మనుషులు అనే గడి దిద్దాలి," అన్నాడు హాలిస్ పెన్ను తీసి. "సున్నా కొట్టేసి ఇద్దరు అని రాయనా? మీరూ, ఆయనా."

ఒకరే అని చెప్పడం ఆమె ధర్మం. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. చెవిలో అరిచినా వినపడకపోవడం ఎలా ఉంటుందో మూడు వారాలకి పైగా చూసిన మనిషి ఆమె. ఆయన పదకొండేళ్లుగా చూస్తున్నాడు. అదీగాక ఈ కుర్రాడు చూసిందే రాసే రకం, చూశానంటున్నాడు. కాదనడానికి ఆమె ఎవరు?

"రాయి బాబూ," అంది.

అతను రాశాడు. అప్పుడే పడమటి నుంచి గాలి లేచింది. డెల్ఫీన్ గుమ్మంలోకి వచ్చి చూసింది. టోపీ వస్తోంది, ఏటా వచ్చే ఎత్తులోనే, ఏటా వచ్చే దారిలోనే. గట్టు వెనక్కి దిగింది, ఊట వైపు. ఆమె తూర్పు పక్కకి చూస్తూ నిలబడింది, అది బయటికి వచ్చే చోటు వైపు. కాఫీ చల్లారిపోయేదాకా నిలబడింది.

టోపీ బయటికి రాలేదు.

ముప్ఫయ్యో రోజున హాలిస్ కాయితం ఆఫీసులో చేరింది. నలభై ఒకటో ముక్కని వేలం నుంచి తీసేశారు, దిబ్బ బతికే ఉందని రాసుకున్నారు. ఊట కారుతోంది, గొర్రెలు తాగుతున్నాయి. డెల్ఫీన్ ఏటా మూడు కాయితాలు నింపి పంపుతుంది, ఒక్క గడి ఖాళీగా వదలదు. వెంట ఉన్నవారు అనే చోట ఏం రాస్తుందో ఎవరికీ చూపించదు. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు మాత్రం చెప్తారు, గుమ్మం పక్క మేకుకి పాత టోపీ ఒకటి వేలాడుతోందని, ఒక్కో పూట ఆ మేకు ఖాళీగా ఉంటుందని.

అదంతా బాగానే ఉంది. హాలిస్ సంగతే కాస్త ఇబ్బంది. డెల్ఫీన్ పోరు పడలేక ఒకరోజు ఎనిమిదో ముక్కకి వెళ్లాడు. అక్కడ ఇప్పుడు చమురు మరలు తలలూపుతున్నాయి. ఒక బఠానీల డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. తిరిగొచ్చి బండి తాళం తిప్పగానే పక్క సీటు టింగ్ టింగ్ అని మొదలుపెట్టింది.

హాలిస్ ఖాళీ సీటుకి బెల్టు లాగి పెట్టాడు. కాయితం తీసి, గడి దగ్గర పెన్ను పెట్టి, చాలాసేపు కూర్చున్నాడు. ఏం రాయాలో అతనికి తెలీదు.

అందుకే మా ఊళ్లో హాలిస్ బండి ఎక్కేవాళ్లు వెనకాలే కూర్చుంటారు. డెల్ఫీన్ శనివారం శనివారం మేత కొట్టుకి వచ్చి, కనబడ్డవాళ్లందరినీ అడుగుతుంది. గడ్డం, పగిలిన బూటు, బంగారు పన్ను. పేరేంటబ్బా? ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు. బెల్టు మాత్రం ఇంకా పెట్టే ఉంది.